తూర్పు మూల జాకీ

రోడ్డు ఎత్తు పెరిగిన ప్రతిసారీ ఆ ఊరి చర్చి కుంగినట్టు కనిపించేది. నిజానికి చర్చి ఎక్కడిదక్కడే ఉంది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారి మీద ఎన్నికల ముందొకసారి, ఎన్నికల తర్వాత ఒకసారి తారు పోస్తూ పోస్తూ దాన్ని పల్లంలోకి నెట్టేశారు. వాన పడితే రోడ్డు మీది నీళ్ళన్నీ నేరుగా బలిపీఠం దగ్గరికే. పోయినేడు వానల్లో పాస్టరయ్య ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ప్రసంగం చెప్పాడు. కానుకల పళ్ళెం నీళ్ళ మీద తేలుకుంటూ దానంతటదే వరసలన్నీ తిరిగొచ్చిందని ఊళ్ళో ఇప్పటికీ నవ్వుకుంటారు.

పడగొట్టి కొత్తది కట్టుకుందామని కొందరన్నారు. కానీ ఆ గోడలకు రాళ్ళు మోసినవాళ్ళు చాలామంది ఇంకా బతికే ఉన్నారు, వాళ్ళు ఒప్పుకోలేదు. అందుకని ఉన్న చర్చినే పైకి లేపుదామనుకుని ఎమ్మిగనూరు నుంచి ఉరుకుందు మేస్త్రీని పిలిపించారు.

ఇళ్ళు లేపే పని ఉరుకుందు బెంగళూరులో నేర్చుకున్నాడు. గోడల కింద పునాది తొలిచి, ఇనుప దూలాలు దూర్చి, వాటి కింద వరసగా జాకీలు పెడతాడు. సైగ చెయ్యగానే అందరూ ఒక్కసారిగా పావు చుట్టు తిప్పాలి. మళ్ళీ సైగ, మళ్ళీ పావు చుట్టు. ఒకరు ఎక్కువ తిప్పకూడదు, ఒకరు తక్కువ తిప్పకూడదు. "ఇల్లు లేసినట్టు గోడకు తెలీకూడదు" అంటాడు. ఆ మాట అనేటప్పుడు మీసం మీద చెయ్యి వెయ్యకపోతే ఆయనకు తోచదు.

మనిషి మంచివాడే. పని తెలిసినవాడే. వచ్చిన చిక్కల్లా నోటితో, ఆ తర్వాత మరలతో. జాకీ కడ్డీకి చుట్టూ కోసే మరల గురించి మాట్లాడమంటే అన్నం మానేసైనా మాట్లాడతాడు. బోల్టుకుండే ముక్కోణం మరను ఆయన మరగా లెక్కపెట్టడు. "అది పట్టుకునే మర, మోసే మర గాదు" అంటాడు. మామూలు జాకీ మరకు పన్ను అడుగున వెడల్పు, కొసన సన్నం, పక్కలు కొంచెం వాలు. దాన్ని కూలికి పోయే మర అంటాడు. ఇక చదరం మర అంటే, పన్ను గోడలు నిట్టనిలువుగా, పెట్టె చెక్కినట్టు ఉండేది, అది రాజు. "బరువు తిన్నగా పన్ను మీదే కూసుంటాది. పక్కలకు తొయ్యదు, నట్టును చీల్చదు. పెద్ద బరువుకు అదొకటే సరైన మర."

ఆ రాజుగారు ఆయనకు ఆదోనిలో దొరికారు. ఎప్పుడో మూతబడ్డ జిన్నింగు ఫ్యాక్టరీ సామాను పాత ఇనుము కొనే గుజిరీ అంగడికి వస్తే, అందులో పత్తి బేళ్ళు నొక్కే పాత ప్రెస్సు మర ఒకటి, ఇత్తడి నట్టుతో సహా కనిపించింది. చేతి మందం, చదరం పన్ను, తుప్పు కూడా పట్టలేదు. లేతు మీద ముక్క కోయించి, కింద పీట వేయించి జాకీ చేసుకున్నాడు. చర్చిలో ప్రసంగపీఠం ఉన్న తూర్పు గోడ అన్నిటికంటే మందం, అందులోనూ బరువంతా ఒక మూలలోనే. ఆ మూలకు ఈ జాకీని పెట్టి, దాని వీపు తట్టాడు.

"ఎన్ని వేల బేళ్ళు నొక్కిందో ఇది! మీ చర్చి దీనికొక దూదిపింజె" అన్నాడు.

పన్ను ఆకారం చూశాడు. మందం చూశాడు. వంకర లేదని దారం పట్టి చూశాడు. ఒకటి మాత్రం చూడలేదు.

చర్చి పని కాబట్టి జాకీలు తిప్పడానికి కూలీలను పెట్టుకోలేదు. మనిషికొక జాకీ చొప్పున సంఘంలోని ఆడా మగా శ్రమదానానికి వచ్చారు. సైగకు ఉరుకుందు ఈల తెచ్చుకున్నాడు. ఈల ఊదితే కొందరు తిప్పారు, కొందరు రోడ్డు మీద బస్సేదో వచ్చిందని తిరిగి చూశారు. అప్పుడు పాస్టరయ్య నవ్వి, "మేస్త్రీ, మావాళ్ళకు ఈల కంటే స్తోత్రం బాగా అర్థమైతాది. నువ్వు స్తోత్రం అను, వాళ్ళు హల్లెలూయ అని తిప్పుతారు" అన్నాడు.

ఉరుకుంద ఈరన్న స్వామి పేరు పెట్టుకున్న మనిషి, నుదుట విభూతి అలాగే ఉంచుకుని, చర్చి నడుమ నిలబడి "స్తోత్రం!" అన్నాడు. "హల్లెలూయ!" అని సంఘమంతా తిప్పింది. గోడకు తెలియకుండా చర్చి లేచింది. అంతమంది చేతులు ఒక్కసారిగా కదలడం ఆయన బెంగళూరులో కూడా చూడలేదు.

తూర్పు మూల జాకీ దగ్గర సారమ్మను నిలబెట్టాడు. అరవై దాటిన మనిషి. పత్తి ఏరినా, మిరపకాయలు కోసినా ఆమె సాలు వెనకబడదు, పక్కసాలు మీదికి పోదు. పని చూసి మనిషిని ఎంచడం ఉరుకుందుకు తెలుసు. అయితే సారమ్మకు ఊళ్ళో ఇంకో పేరుంది. పాస్టరయ్య ఒక మాట చెప్తే సంఘమంతా ఒక స్తోత్రం చెప్తుంది. అందరిదీ అయిపోయాక సారమ్మది ఇంకొకటి మిగులుతుంది. చిన్నగా, తనలో తాను అనుకున్నట్టు. కూరగాయలమ్మ తూకం వేశాక పైన రెండు మిరపకాయలు వేసినట్టు ఉంటుందని దానికి 'సారమ్మ కొసరు' అని పేరు పెట్టారు. ఎన్నేళ్ళుగా వింటున్నారో, పాస్టరయ్య కూడా ఆ కొసరు పడేదాకా ఆగి గానీ తర్వాతి మాట ఎత్తుకోడు. జాకీ దగ్గరా అంతే, అందరి హల్లెలూయ అయ్యాక ఆమె స్తోత్రం ఒకటి వినిపించేది.

మధ్యాహ్నం దాటాక సారమ్మ జాకీ తిప్పే రాడ్డు వదిలి భుజం నిమురుకుంది. "మేస్త్రీ, దీనికి బలం ఎక్కువ కావాల. పక్కదాని మాదిరి సులువుగా తిరగడం లేదప్పా."

"బరువు మోసే మూలమ్మా అది. రాజుగారి పల్లకి మోస్తాంటే బుజం నొయ్యదా?" అన్నాడు ఉరుకుందు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సారమ్మ కూడా నవ్వి మళ్ళీ రాడ్డు పట్టుకుంది.

హాలహర్వి దిక్కున పొద్దుటి నుంచే మబ్బు పట్టి ఉంది. తడి తగిలితే తొలిచిన పునాది జారుతుందని ఉరుకుందుకు భయం. మామూలుగా అయితే కొన్ని చుట్లకొకసారి పని ఆపి, నీళ్ళ ట్యూబు పట్టి నాలుగు మూలలా మట్టం చూస్తాడు. ఆ రోజు ఒక్కసారి కూడా చూడలేదు. స్తోత్రం మీద స్తోత్రం వేశాడు.

ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైంది. అందరూ తలెత్తారు. తూర్పు గోడ మీద నీలిరంగుతో రాసిన వాక్యం నడిమధ్య నుంచి పగులు కిందికి దిగుతోంది. అక్షరాల మీది సున్నం పొట్టు పొట్టుగా రాలింది. ఎవరో "ప్రభువా" అన్నారు. ఉరుకుందు చేతులు అడ్డం పెట్టి అందరినీ ఆపేశాడు.

ట్యూబు పట్టి చూస్తే మూడు మూలలు ఒక మట్టంలో ఉన్నాయి. తూర్పు మూల ఎక్కువ లేచింది. ఎంత ఎక్కువ అంటే, మిగతావాళ్ళు ఒకటి తిప్పితే అక్కడ రెండు తిప్పినంత. ఉరుకుందుకు కోపం తన్నుకొచ్చింది. భయపడినప్పుడు కోపం తెచ్చుకోవడం ఆయనకు ముందునుంచీ అలవాటు.

"ఏందమ్మా ఇది? మేమంతా ఒకటి తిప్పితే నువ్వు రెండు తిప్పితివా?"

"లేదప్పా. ఒగటే తిప్పినా" అంది సారమ్మ.

"ఒగటే అయితే ఆ మూల ఎట్ల లేసె? నడిచి పోయిందా?" అని చుట్టూ చూశాడు. అంతమంది తన వైపే చూస్తున్నారు. గోడ చీల్చిన మేస్త్రీ అన్న పేరు ఎమ్మిగనూరు చేరడానికి ఒక్క ఆటో చాలు. అప్పుడు అన్నాడు ఆ మాట. "ఓహో. కొసరు స్తోత్రానికి కొసరు తిప్పు గూడా తిప్పినావా?"

పక్క జాకీ దగ్గరున్న సువార్తమ్మ ముందుగా నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. పగిలిన గోడ ముందు నిలబడి నవ్వారంటే, ఆ మాట అంత బాగా అతికింది. నిజంగానే అయ్యుంటుందని ఒక్కొక్కరికీ తోచింది. సారమ్మ నోరు ఆగదు కదా, నోటితో పాటు చెయ్యి కూడా ఆడి ఉంటుంది. భక్తి ముదిరితే ఇంతే అన్నాడొకాయన. సంఘపెద్ద యేసేపు దగ్గరికొచ్చి, "సారమ్మా, ఇంక నువ్వు జాకీ ముట్టుకోవద్దులే. నీళ్ళు అందియ్యి సాలు" అన్నాడు. మెత్తగానే అన్నాడు.

సారమ్మ తన చేతుల వంక చూసుకుంది. రాడ్డును గోడకు ఆనించి పక్కకు జరిగింది.

మరుసటి రోజు శనివారం. సంఘం వాళ్ళను రావద్దని చెప్పి, లేచిన మూలను దించడానికి ఉరుకుందు ఒక్కడే వచ్చాడు. తూర్పు మూల జాకీని పావు చుట్టు వెనక్కి తిప్పి ట్యూబు చూశాడు. అనుకున్నదానికంటే ఎక్కువ దిగింది. ఇంకో పావు చుట్టు తిప్పాడు. మళ్ళీ అంతే. ఇక్కడ సారమ్మ లేదు, కొసరు లేదు. తిప్పింది తన చెయ్యే.

కూర్చుని మర మీది గ్రీజు తుడిచాడు. పక్క జాకీ మరకు బొటనవేలు ఆనిస్తే వేలి కింద రెండు పళ్ళు తగిలాయి. ప్రెస్సు మరకు ఆనిస్తే వేలు రెండు పళ్ళ నడుమ సందులో నిండుగా దిగిపోయింది. పత్తి బేళ్ళు నొక్కే మరకు తొందర ఎక్కువ. ఒక్క చుట్టుకే దూరం పోవాలని పన్నుకూ పన్నుకూ మధ్య ఎడం అంత పెట్టి కోశారు. అందుకే తిప్పడానికి బలం ఎక్కువ కావాల్సి వచ్చింది. సారమ్మ ఆ మాట చెప్పనే చెప్పింది. తనే పల్లకి అన్నాడు.

పావు చుట్టు పావు చుట్టే. ఆమె తప్పలేదు. మర తప్పింది, ఆ మరను తెచ్చి పెట్టినవాడు తప్పాడు. లేతు దగ్గర ఏ పిల్లాడినడిగినా మర అనగానే ముందు పళ్ళ మధ్య ఎడం కొలుస్తాడు. ఉరుకుందు ఆకారం చూసి మురిసిపోయాడు. రాజు రాజు అని ఊరంతా చాటాడు.

సిగ్గేసింది. చుట్టూ ఎవరూ లేరు, అయినా ఎవరైనా చూశారేమోనని వాకిలి వైపు చూశాడు. అలా చూసినందుకు ఇంకా సిగ్గేసింది. చెప్పాలి అనుకున్నాడు. వెంటనే గోవిందన్న గుర్తొచ్చాడు. ఎమ్మిగనూరులో చేనేత చీరల అంగడి గోవిందన్న, తన మేడ లేపే పని ఉరుకుందుకే ఇస్తానని, సోమవారం వచ్చి ఇక్కడి పని చూస్తానని కబురు పెట్టాడు. ఆ మేడ లేస్తే ఆ వీధి అంతా తనదే. మర ఎడం చూసుకోని మేస్త్రీ అని తెలిస్తే కుక్కల దొడ్డి లేపడానికి కూడా ఎవరూ పిలవరు.

ప్రెస్సు జాకీని ఊడబెరికి, గోనెపట్టలో చుట్టి, ఆ స్థానంలో మామూలు జాకీ పెట్టాడు. గోవిందన్న వచ్చి పోయాక సారమ్మకు మెల్లగా చెప్పొచ్చులే అనుకున్నాడు. ఎంత పెద్ద తప్పుకైనా మెల్లగా అనే మాట ఒకటి దొరుకుతుంది మనిషికి.

ఆదివారం ఆరాధనకు పిలిచారని వెళ్ళి వాకిట్లో నిలబడ్డాడు. ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. సంఘానికి నష్టం చేసినవాళ్ళు కానుకలు పట్టే ముందు లేచి వచ్చి, మోకాళ్ళూని, తమ నోటితో తామే చెప్పుకోవాలి. పెద్దలు తల మీద చేతులు పెట్టి క్షమించామంటారు. ఆ తర్వాత ఆ మాట ఇక ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే ఎత్తినవాడిదే తప్పు.

సారమ్మ లేచింది. ఎవరూ లెమ్మనలేదు. కొంగు నిండుగా కప్పుకుని ముందుకు నడిచి, పగిలిన గోడ ముందు మోకాళ్ళూనింది. వయసు మీద పడిన మోకాళ్ళు, ఒకదాని తర్వాత ఒకటిగా దించుకుంది.

"నేను ఒగటే తిప్పినాననుకుంటి. మేస్త్రీ రెండన్యాడు. ఆయప్పకు పని తెలుసు. నా నోరు ఊరుకోదని మీకందరికీ తెలుసు. నోటితో పాటు చెయ్యి గూడా పోయిందేమో. నాకు తెలీకుండానే పోయిందేమో. మందిరం గోడ నా వల్ల చీలింది. సంగం నన్ను చమించాల."

ఉరుకుందు వాకిట్లోనే నిలబడ్డాడు. నోరు తెరిస్తే చాలు, నాలుగు మాటలు. తెరవలేదు. ఎందుకు తెరవలేదని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు, పిరికితనం తప్ప.

యేసేపు వచ్చి ఆమె తల మీద చేతులు పెట్టాడు. పాస్టరయ్య ప్రార్థన చేశాడు. సారమ్మ కోసం చేసి, "మేస్త్రీ చేతులకు బలం ఇయ్యి తండ్రీ, ఆయన మనసు నొచ్చుకోకుండా కాపాడు" అని ఉరుకుందు కోసం కూడా చేశాడు. సంఘమంతా స్తోత్రం అంది. పాస్టరయ్య అలవాటు ప్రకారం ఆగాడు. కొసరు పడలేదు. ఇంకొంచెం ఆగి, గొంతు సవరించుకుని తర్వాతి మాట ఎత్తుకున్నాడు. ఆరాధన అయ్యేదాకా ప్రతిసారీ ఆయన అక్కడ ఆగుతూనే ఉన్నాడు. ఆ ఆగిన చోటల్లా ఉరుకుందు సారమ్మ వీపు వైపు చూశాడు.

సాయంత్రం గోనెపట్ట మూట భుజాన వేసుకుని సారమ్మ ఇంటికి పోయాడు. ఆమె వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"రా అప్పా. కూసో. ఉగ్గాని ఉంది, తింటావా?"

తిననన్నాడు. మూట విప్పి మర చూపించాడు. వేలు పెట్టి సందు చూపించాడు. ఒక చుట్టుకు ఎంత లేస్తుందో, పక్కది ఎంత లేస్తుందో చెప్పాడు. "నీ తప్పేమీ లేదమ్మా. నువ్వు సరిగ్గానే తిప్పినావు. తప్పు నాది" అన్నాడు. చెప్పేశాను అనుకుని ఊపిరి వదిలాడు.

సారమ్మ చాట పక్కన పెట్టింది. మర పళ్ళ మీద వేలు పెట్టి చూసింది.

"ఇది నీకు ఎప్పుడు తెలిసె?"

ఆ ప్రశ్న వస్తుందని ఉరుకుందు అనుకోలేదు. "నిన్న" అన్నాడు.

"నిన్ననా?" ఆమె తలెత్తింది. "అంటే నేను మోకాళ్ళూనినప్పుడు నీకు తెలుసు."

ఉరుకుందు గోనెపట్ట అంచు మడవసాగాడు.

"వాకిట్లోనే నిలబడుకోని ఉంటివే."

"ఉంటి."

ఆమె మర మీది వేలు తీసి కొంగుకు తుడుచుకుంది. తిడుతుందేమో, తిడితే బాగుండు అనుకున్నాడు ఉరుకుందు. తిట్టలేదు.

"నువ్వు అరిసినందుకు గాదప్పా. కూలికి పోయే వాళ్ళం, మాకు అరుపులు కొత్తా? నీ మాట నమ్మి నా చేతుల్ని నేను అనుమానపడితి. కూసున్నా లేసినా ఇట్ల తిప్పితినా, ఇట్ల తిప్పితినా అని గాల్లోనే తిప్పి సూసుకుంటి. దేవుని మాట అంటాంటే నా చెయ్యి నాకు తెలీకుండా పోతాదంటే, ఇంక ఆ మాట ఎట్ల అనేది?" మళ్ళీ చాట ఒళ్ళోకి తీసుకుంది. "ఈడ నాకు సెప్తే ఏం లాబం? నేను మోకాళ్ళూనింది ఆడ."

సోమవారం పొద్దున్నే సంఘం వచ్చింది. రోడ్డు మీద బండి ఆపి గోవిందన్న కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా వాకిలి పక్కన నిలబడ్డాడు. ఆయన పోయేదాకా ఆగుదామని ఉరుకుందు మనసు ఇంకా పీకుతూనే ఉంది. నీళ్ళ బిందె పట్టుకుని ఒక పక్కగా నిలబడ్డ సారమ్మను చూశాడు. ఆమె ఆయన వైపు చూడటం లేదు.

"అందరూ ఒక మాట ఇనండి" అన్నాడు. ఎవరూ తిరగలేదు, మళ్ళీ గట్టిగా అన్నాడు. "గోడ చీలింది సారమ్మ వల్ల గాదు. నా వల్ల. జాకీ మర వేరేది పెట్టినాను. చూసుకోలేదు."

ఇక కొడతారనుకున్నాడు. జరిగింది వేరు. యేసేపు ముఖం విప్పారింది. "మేస్త్రీ, నీది ఎంత పెద్ద మనసప్పా! ఆడమనిషి బాదపడతాంటే సూడలేక నీ మీద ఏసుకుంటాండావు. మాలో లేని గుణం నీకుండాది."

"అది కాదు యేసేపన్నా, నిజంగానే..."

"వదిలేయప్పా. సంగం చమించింది. అయిపోయిన మాట ఎత్తరాదు, అది మా పద్ధతి."

నలుగురైదుగురు అవునవునన్నారు. సువార్తమ్మ కళ్ళొత్తుకుంది. గోవిందన్న కూడా మెచ్చుకోలుగా తల ఊపాడు. ఉరుకుందుకు ఏడుపొచ్చింది. ఇంత సులువైన దారి ఎవరికి దొరుకుతుంది? నిజం చెప్పినట్టూ ఉంటుంది, పేరూ మిగులుతుంది, మేడ పనీ మిగులుతుంది. ఊరుకుంటే సరిపోతుంది. ఆయన మళ్ళీ సారమ్మను చూశాడు. ఆమె బిందె మూతి మీద చెంబు బోర్లించి, ఇది ఎప్పుడో తెలిసిన సంగతే అన్నట్టు నిలబడి ఉంది.

ఉరుకుందు గోనెపట్ట విప్పాడు. ప్రెస్సు జాకీని, ఒక మామూలు జాకీని కాస్త ఎడంగా నేల మీద పెట్టాడు. వాటి మీద చెక్క పలక అడ్డంగా వేసి, సారమ్మ దగ్గర చెంబు తీసుకుని, నీళ్ళు నింపి పలక నడుమ పెట్టాడు.

"యేసేపన్నా, నువ్వే రా. నేను స్తోత్రం అంటాను. రెండింటినీ పావు చుట్టు తిప్పు. ఒగటే. కొసరు వద్దు."

యేసేపు నవ్వుతూ వచ్చాడు. స్తోత్రం అంటే ఇదొకటి తిప్పాడు, అదొకటి తిప్పాడు. ఇంకో స్తోత్రం. ఇంకొకటి. పలక ఒక పక్కకు వాలడం మొదలైంది. చెంబులో నీళ్ళు ఒక అంచుకు చేరాయి. యేసేపు నవ్వు ఆగిపోయింది. ఆయన చేతులు జాగ్రత్త పడ్డాయి, పావు చుట్టును ఇంకా కొలిచి కొలిచి తిప్పాయి. అయినా చెంబు జారి బోర్లా పడింది. నీళ్ళు పగిలిన గోడ వైపు పారాయి.

సువార్తమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నిన్న సారమ్మ తల మీద పెట్టిన చేతుల్ని ఏం చేసుకోవాలో యేసేపుకు తెలియలేదు. తుండుతో తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

"మీరు క్షమించినప్పుడు నాకు తెలుసు" అన్నాడు ఉరుకుందు. "ముందురోజే తెలుసు. వాకిట్లో నిలబడి సూస్తాంటి."

రోడ్డు మీద బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది. గోవిందన్న వెళ్ళిపోయాడు. ఉరుకుందు అటు తిరిగి చూడలేదు.

యేసేపు సారమ్మ దగ్గరికి నడిచాడు. "నీ జాకీ కాడికి రా సారమ్మా" అన్నాడు. ఆయన గొంతు చిన్న పిల్లాడిదిలా అయిపోయింది. "ఈ పూట స్తోత్రం నువ్వే సెప్పు. నీ మాట మీద తిప్పుతాం."

సారమ్మ బిందె దించింది. తూర్పు మూలకు వచ్చి రాడ్డు చేతిలోకి తీసుకుంది. "తిప్పుతాను" అంది. "ఆ మాట నన్ను సెప్పమనొద్దండి. అనాలంటే నా చెయ్యి యాడికి పోతాదో అని బయమైతాంది."

ఇంక ఎవరికీ ఆ మాట అనబుద్ధి కాలేదు. ఉరుకుందు జేబులోంచి ఈల తీశాడు. ఈల ఊదితే తిప్పారు. బస్సు పోయినా ఎవరూ తిరిగి చూడలేదు. నీళ్ళ ట్యూబు పట్టి ఉరుకుందు ప్రతి వరసకూ మట్టం చూశాడు, అవసరం లేకపోయినా చూశాడు. మట్టం ఎక్కడా తప్పలేదు. హల్లెలూయలు లేని ఆ పనిలో జాకీలు కిర్రుమనే చప్పుడు మాత్రం వినిపించింది. చర్చి రోజురోజుకూ లేచింది.

గడప రోడ్డు కంటే పైకి వచ్చిన రోజు ఉరుకుందు చివరి ఈల ఊది, చాలు అని చెయ్యెత్తాడు. పాస్టరయ్య చిన్న ప్రార్థన చేశాడు. జనం రాడ్లు కింద పడేసి బయటికి నడిచారు. పిల్లలు కొత్త ఎత్తు మీంచి రోడ్డు మీదికి దూకి ఆడుకుంటున్నారు. సామాను సర్దుకోవడానికి ఉరుకుందు లోపలే ఉన్నాడు.

తూర్పు మూలలో సారమ్మ ఇంకా నిలబడే ఉంది. ఒక చెయ్యి రాడ్డు మీద ఉంది. రెండో చేత్తో గోడ మీది పగులును, రంగు చీలిన అక్షరాలను తడిమింది. పెదాలు కదిలాయి.

"స్తోత్రం" అంది. చిన్నగా, తనలో తాను అనుకున్నట్టు.

అని, వెంటనే భయంగా రాడ్డు మీదున్న చేతి వంక చూసుకుంది, కదిలిందేమోనని.